హైదరాబాద్‌లో ఒక సెమిస్టర్: జర్నలిజం ఇంటర్న్‌షిప్ ఎలా చేయాలి

మొదటి రోజు మిమ్మల్ని రిసెప్షన్‌లో గంటన్నర కూర్చోబెడతారు. తర్వాత ఎవరో వచ్చి పైకి తీసుకెళ్లి, ఖాళీ కుర్చీ ఒకటి చూపించి, "పేపర్లు చదువుతూ ఉండండి, సార్ వస్తారు" అంటారు. సార్ ఐదింటికి వస్తారు. అదే టైమ్‌కి ఆ కుర్చీ సొంతదారు కూడా డ్యూటీకి వస్తారు కాబట్టి మీరు లేచి గోడకు ఆనుకుని నిలబడతారు.

ఖమ్మం నుంచి వచ్చిన నా మొదటి రోజు ఇలాగే గడిచింది. రెండో రోజూ అంతే. ఇప్పుడు నేను డెస్కులో, అంటే రిపోర్టర్లు రాసిన కాపీని దిద్ది పేజీల్లో పెట్టే చోట ఉన్నాను. జిల్లాల నుంచి ఇంటర్న్‌షిప్‌కి వచ్చే పిల్లల్ని తెచ్చి నా పక్కన కూర్చోబెడుతుంటారు. నాలుగు నెలలు అయ్యేసరికి కొందరి దగ్గర ఇరవై క్లిప్పింగులు ఉంటాయి, కొందరి దగ్గర సర్టిఫికెట్ ఒక్కటే ఉంటుంది. తెలివితేటల్లో వాళ్ల మధ్య తేడా నాకెప్పుడూ పెద్దగా కనిపించలేదు. రెండో రకం పిల్లలు ఎవరో ఒకరు పని చెప్తారని ఎదురుచూశారు, అంతే. ఆఫీసు మీకు గేటు తెరుస్తుంది. పని మీరే బయటి నుంచి తెచ్చుకోవాలి. ఆ తెచ్చుకోవడం ఎలాగో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

రెండు నెలల ముందు

సెమిస్టర్ జనవరిలో మొదలైతే నవంబరులో, జులైలో మొదలైతే మేలో ప్రయత్నం మొదలుపెట్టండి. కాలేజీ నుంచి బోనఫైడ్, హెచ్‌ఓడీ సంతకంతో ఒక లెటర్ తీసుకోండి. ఆ లెటర్‌లో ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, వారానికి ఎన్ని రోజులు, చివర్లో ఆఫీసు ఏం రాసివ్వాలి అన్నవి స్పష్టంగా ఉండాలి. "మా విద్యార్థికి అవకాశం కల్పించగలరు" అని రెండు లైన్లు రాసిచ్చే లెటర్లు టేబుల్ మీదే ఉండిపోతాయి.

రెజ్యూమె ఒక పేజీ చాలు. దానికి మీరు రాసిన మూడు ఐటెమ్‌లు, అంటే వార్తలు జత చేయండి. అచ్చు కాకపోయినా ఫర్వాలేదు. మీ ఊరి బస్టాండు గురించి రాసినా సరే, అందులో నలుగురు మనుషులు మాట్లాడి ఉండాలి. మీడియా పోకడల మీద రాసిన వ్యాసం పంపొద్దు. అలాంటి దాన్ని మేము మొదటి పేరా దాటి చదివిన రోజు లేదు.

లెటర్ ఎడిటర్ పేరు మీద రాయండి కానీ అది ఆయన దగ్గరికి చేరుతుందని అనుకోవద్దు. దాన్ని చూసేది హెచ్‌ఆర్ వాళ్లు, లేదా సిటీ బ్యూరో చీఫ్. జిల్లా పిల్లలకు ఇంకో దారి ఉంది. మీ పట్టణంలో ఆ పత్రిక స్టాఫ్ రిపోర్టర్‌ని ముందుగా కలవండి. ఆయన ఫోన్‌లో చెప్పే ఒక్క మాట మీ మెయిల్ కంటే ముందు చేరుతుంది. ఉస్మానియాలో జర్నలిజం విభాగం 1954 నుంచి ఉంది. సెంట్రల్ యూనివర్సిటీ, తెలుగు యూనివర్సిటీ పిల్లలూ ఈ ఊళ్లోనే ఉంటారు. వాళ్లకు ప్రతి ఆఫీసులో సీనియర్లు ఉన్నారు, మీకు లేరు. అందుకే జిల్లా రిపోర్టర్ సాయం తీసుకోవడానికి మొహమాటపడొద్దు.

ఫోన్ చేయాల్సి వస్తే పదకొండు, ఒంటిగంట మధ్య చేయండి. సాయంత్రం ఆరు దాటాక పేజీలు కట్టే మనిషికి ఫోన్ చేసి "సార్, నా అప్లికేషన్ ఏమైంది" అంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

ఈ రెండు నెలల్లో ఇంకో పని: తెలుగు టైపింగ్. పత్రికల్లో ఇప్పటికీ చాలాచోట్ల అను ఫాంట్లే నడుస్తున్నాయి, వెబ్ డెస్కుల్లో యూనికోడ్. ఫోన్‌లో ఇంగ్లిష్ అక్షరాలు కొట్టి తెలుగు తెప్పించుకునే అలవాటుతో వస్తే, ఒక్క ఐటెమ్ కొట్టేసరికి పేజీ ప్రింటుకు వెళ్లిపోతుంది. ఇన్‌స్క్రిప్ట్ లేఅవుట్ రోజుకు అరగంట చొప్పున నేర్చుకోండి. ఒక నెలలో చేతికి వస్తుంది. టైపింగ్ వచ్చిన ఇంటర్న్‌కి మొదటి రోజే పని దొరుకుతుంది. నేను చూసినంతలో దీనికి మినహాయింపు లేదు.

ఎక్కడ చేరాలి

టీవీ అంటే అందరికీ మోజు. కాదనను. కానీ చానెల్లో మొదటి నెల మీరు చేసేది బైట్లు (రికార్డు చేసిన మాటలు) వినడం, పనికొచ్చే ఇరవై సెకన్లు ఎక్కడున్నాయో టైమ్ రాసిపెట్టడం, తెర కింద పరిగెత్తే స్క్రోల్ కొట్టడం. వార్తలు వచ్చి చేరే ఇన్‌పుట్‌లో వేస్తే అసైన్‌మెంట్ డెస్కు ఫోన్లు ఎత్తుతారు. వాటిని బులెటిన్‌గా మార్చే అవుట్‌పుట్‌లో వేస్తే రన్‌డౌన్, అంటే ఏ వార్త తర్వాత ఏది వెళ్లాలన్న వరస ఎలా తయారవుతుందో చూస్తారు. రెండిట్లో ఏదో ఒకటి ఎంచుకోమంటే ఇన్‌పుట్ అడగండి. రాష్ట్రంలో వార్త ఎక్కడ పుడుతుందో, ఎవరు ముందు చెప్తారో అక్కడే తెలుస్తుంది.

సైఫాబాద్‌లోని ఆకాశవాణిలో అవకాశం వస్తే వదలొద్దు. చెవితో వినేవాళ్ల కోసం రాయడం అక్కడ అలవాటవుతుంది. మూడు వాక్యాలను ఒక వాక్యంలో కుక్కే మన జబ్బు అక్కడ వదులుతుంది.

వెబ్ డెస్కులో జాగ్రత్త. కొన్ని చోట్ల నాలుగు నెలలూ ఏజెన్సీ కాపీ తిరగరాయడం, సినిమా వాళ్ల ఇన్‌స్టాగ్రామ్ పోస్టులకు హెడ్డింగులు పెట్టడమే పని. చేరే ముందే అడగండి: "వారానికి కనీసం రెండు రోజులు ఫీల్డ్‌కి పంపుతారా?" జవాబు నసిగితే వేరే చోటు చూసుకోండి.

నన్నడిగితే, చివరికి టీవీకే వెళ్లాలనుకున్నా సరే, ఈ ఒక్క సెమిస్టర్ పత్రిక సిటీ డెస్కులో గడపండి. మీరు రాసిన కాపీని మీ కళ్ల ముందే ఎర్రపెన్నుతో కొట్టేసే మనిషి ఇంకెక్కడా దొరకరు.

గది, బస్సు

అమీర్‌పేట్, ఎస్‌ఆర్ నగర్‌లలో హాస్టళ్లు కుప్పలుగా ఉన్నాయి. సోమాజిగూడ, బంజారాహిల్స్, జూబ్లీహిల్స్‌లలోని మీడియా ఆఫీసులకు అక్కడి నుంచి మెట్రో, బస్సు రెండూ దొరుకుతాయి. నేను మాత్రం చిక్కడపల్లి, అశోక్‌నగర్ వైపు ఉండమంటాను. గ్రూప్స్‌కి చదివేవాళ్ల కోసం పుట్టిన మెస్సులు కాబట్టి భోజనం చవక. సిటీ సెంట్రల్ లైబ్రరీ అక్కడే. ఇందిరాపార్కు ధర్నాచౌక్ నడిచి వెళ్లే దూరం. చిక్కడపల్లిలో గ్రీన్ లైన్ మెట్రో ఎక్కితే మూడో స్టేషన్ గాంధీ ఆస్పత్రి. రిపోర్టింగ్ నేర్చుకునేవాళ్లకు ఇంతకంటే మంచి అడ్రస్ లేదు.

స్టైపెండ్ చాలాచోట్ల ఉండదు. ముగ్గురు, నలుగురు ఉండే గదిలో భోజనంతో కలిపి నెలకు సుమారు 6,000 నుంచి 9,000 రూపాయలు అనుకోండి. అడ్వాన్సు వేరు. ఖాళీ చేసేటప్పుడు ఎంత తిరిగి ఇస్తారో కాగితం మీద రాయించుకోండి.

అమ్మాయిలకు ఒక మాట. సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహాలక్ష్మి పథకం కింద ప్రయాణం ఉచితం. అయితే తెలంగాణ అడ్రస్ ఉన్న గుర్తింపు కార్డు చూపించాలి. విజయవాడ నుంచో కర్నూలు నుంచో వచ్చినవాళ్లు ఆధార్ చూపిస్తే కండక్టర్ టికెట్ కొట్టేస్తారు. బస్సు ఖర్చు లెక్కలో వేసుకోండి. ఇంకోటి, డెస్కు డ్యూటీ అర్ధరాత్రి దాకా నడుస్తుంది, అప్పటికి మెట్రో ఉండదు. "నైట్ డ్రాప్ ఉందా?" అని చేరకముందే అడగాలి. ఇంటర్న్‌లకు కూడా ఇస్తారా అని విడిగా అడగాలి, ఎందుకంటే కొన్నిచోట్ల క్యాబ్ ఉద్యోగులకే.

మొదటి వారం

పని లేదని బాధపడకుండా ఈ వారం మూడు విషయాలు చూడండి.

పేజీల టైమింగ్ తెలుసుకోండి. దూరం వెళ్లాల్సిన జిల్లా ఎడిషన్లు ముందు వెళ్తాయి, సిటీ ఎడిషన్ చివర. ఏ పేజీ ఎన్నింటికి వదులుతారో రాసుకోండి. పేజీ వెళ్లాక ఇచ్చిన మంచి కాపీ కంటే అరగంట ముందు ఇచ్చిన మామూలు కాపీకే విలువ.

ఆఫీసు భాష పట్టుకోండి. ఒక పత్రికలో 'ఆస్పత్రి', ఇంకో పత్రికలో 'దవాఖాన'. ఒకచోట 'శ్రీ' పెడితే కొట్టేస్తారు, ఇంకోచోట పెట్టకపోతే అడుగుతారు. హైదరాబాద్‌కి కొత్తయితే ఊరి మాటలు కూడా కావాలి: నల్లా (కుళాయి), గల్లీ (సందు), బస్తీ (వాడ), నాలా (మురుగుకాల్వ), అడ్డా (కూలీలు పని కోసం నిలబడే చోటు). పాతబస్తీకి వెళ్తే కొంచెం దక్కనీ. 'నక్కో' అంటే వద్దని, 'హౌ' అంటే అవునని తెలియక మా దగ్గర ఒకబ్బాయి మనిషి చెప్పినదానికి తిరగేసి రాసుకొచ్చాడు. 'హౌ'ని ఇంగ్లిష్ ప్రశ్న అనుకుని అంతా మళ్లీ వివరించాడట, పాపం.

మూడోది, ఒక రాత్రి చివరి పేజీ వెళ్లేదాకా కూర్చోండి. ఒక్క రాత్రి చాలు. పదకొండున్నరకు వచ్చిన యాక్సిడెంట్ వార్త కోసం ఏ ఐటెమ్ తీసేశారో, ఎందుకు తీసేశారో చూస్తే మీ కాపీ ఎందుకు పడలేదో ఇంకెప్పుడూ అడగరు.

ఒక చోటు పట్టుకోండి

అసలు పని ఇది. ఇంటర్న్‌కి అక్రిడిటేషన్, అంటే ప్రభుత్వం విలేకరులకు ఇచ్చే గుర్తింపు కార్డు ఉండదు. సెక్రటేరియట్‌లోకి, అసెంబ్లీ లోపలికి మీ అంతట మీరు వెళ్లలేరు. సోమాజిగూడ ప్రెస్‌క్లబ్‌లో ప్రెస్‌మీట్లకు సీనియర్ వెంట వెళ్లొచ్చు, కానీ అక్కడ అందరికీ ఒకే ప్రెస్‌నోట్, ఒకే టీ. దాంట్లో మీకంటూ ఏమీ మిగలదు.

అందుకే అక్రిడిటేషన్ అక్కర్లేని చోటు ఒకటి ఎంచుకుని వారానికి మూడుసార్లు వెళ్లండి. నాలుగు నెలలూ అదే చోటు. కలెక్టరేట్లలో సోమవారం ప్రజావాణి జరుగుతుంది. బేగంపేట ప్రజాభవన్‌లో మంగళ, శుక్రవారాలు. అర్జీ పట్టుకుని తెల్లారకముందే బస్సెక్కి వచ్చిన మనిషి క్యూలో రెండు గంటలు నిలబడి ఉంటారు. ఆ రెండు గంటలూ ఆయనకు మాట్లాడే మనిషి కావాలి, మీకు వార్త కావాలి. భూమి రికార్డులో పేరు ఎలా తప్పుపడుతుందో, పింఛను ఎందుకు ఆగిపోతుందో ఏ క్లాసులోనూ ఇంత వివరంగా చెప్పరు.

ధర్నాచౌక్ ఇంకో చోటు. ఆశా వర్కర్లు, అవుట్‌సోర్సింగ్ ఉద్యోగులు, నిరుద్యోగులు, ఎవరు ఏ రోజు కూర్చుంటారో సంఘాల వాళ్లే ముందుగా చెప్తారు. స్టేజీ మీద మాట్లాడే నాయకుడి దగ్గరికి కాకుండా వెనక వరుసలో టిఫిన్ డబ్బా విప్పుకుంటున్న వాళ్ల దగ్గరికి వెళ్లండి. జీతం ఎన్ని నెలల నుంచి రాలేదో వాళ్లు తేదీలతో చెప్తారు.

పొద్దున్నే లేవగలిగితే కూలీల అడ్డాలు, రైతుబజార్లు, మోండా మార్కెట్, గుడిమల్కాపూర్ పూల మార్కెట్. లేవలేకపోతే గాంధీ, ఉస్మానియా ఓపీ క్యూలు. జనవరి సెమిస్టర్ వాళ్లకు నాంపల్లిలో నుమాయిష్ ఎగ్జిబిషన్ ఉంటుంది, ఫిబ్రవరి సగం దాకా. స్టాళ్ల వెనక పడుకునే కశ్మీరీ శాలువాల వ్యాపారులతో మాట్లాడిన పిల్ల నాకు తెలుసు, స్టాళ్ల ధరలు రాసిన పిల్లలూ తెలుసు. జులై వాళ్లకు బోనాలు వస్తాయి. గోల్కొండలో మొదలై, సికింద్రాబాద్ మీదుగా లాల్‌దర్వాజ దాకా. పండగ రోజు అందరూ రాస్తారు. బోనం కుండలకు రంగులు వేసే ఇంటికి వారం ముందు వెళ్లండి.

మొదటి రెండు వారాలు మీకు అక్కడ వార్త దొరకదు. టెన్షన్ పడొద్దు. మూడో వారం టీ కొట్టు ఆయనే పిలిచి చెప్తాడు.

పాత పేపర్లు కావాలంటే అఫ్జల్‌గంజ్ స్టేట్ సెంట్రల్ లైబ్రరీకి వెళ్లండి. 1891లో ఆసఫియా లైబ్రరీగా పుట్టింది అదే. బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రం ఇంకోటి. మీరు ఎంచుకున్న చోటు గురించి పాత సంచికల్లో ఏం రాశారో ఒక ఆదివారం చూస్తే, ఇప్పటి సమస్య ఎంత పాతదో తెలిసి కొంచెం నవ్వు, కొంచెం కోపం వస్తాయి.

కాపీ

ముషీరాబాద్ పక్కన ఒక బస్తీకి వెళ్లొచ్చిన అమ్మాయి నా టేబుల్ మీద పెట్టిన కాపీ ఇలా మొదలైంది:

"నగరంలో తాగునీటి సమస్య తీవ్ర రూపం దాల్చింది. నీళ్లు లేక ప్రజలు తీవ్ర ఇబ్బందులు పడుతున్నారు. అధికారులు వెంటనే స్పందించి సమస్యను పరిష్కరించాలని స్థానికులు కోరుతున్నారు."

రెండు 'తీవ్ర'లూ కొట్టేశాను. ఇంకేం మిగల్లేదు.

"ఎన్ని ఇళ్లు?" అని అడిగాను.

"చాలా అక్కా."

"చాలా అంటే?"

"...లెక్కపెట్టలేదు."

"నీళ్లు ఎన్నింటికి వస్తాయి?"

"రాత్రి అన్నారు."

"రాత్రి అంటే ఎనిమిదా, రెండున్నరా?"

మర్నాడు మళ్లీ వెళ్లింది. ఈసారి గల్లీ చివరి నుంచి చివరిదాకా ఇళ్లు లెక్కపెట్టింది. వాల్వు తిప్పే లైన్‌మన్‌ని పట్టుకుంది. "అన్నా, ఇక్కడికి ఎప్పుడు వదులుతారు?" అంటే ఆయన గడియారం చూసుకోకుండానే చెప్పాడట. ఇలాంటివి పెద్ద ఆఫీసర్‌ని అడిగితే "షెడ్యూలు ప్రకారం" అంటారు. లైన్‌మన్ దగ్గర నిమిషం లెక్క ఉంటుంది. తిరిగొచ్చి రాసిన ఇంట్రో:

"ఆ గల్లీలో నల్లా రాత్రి రెండున్నరకు వస్తుంది. అందుకే 34 ఇళ్ల ఆడవాళ్లు మంచం పక్కన బిందె పెట్టుకుని పడుకుంటారు. ముందుగా ఎవరికి మెలకువ వస్తే వాళ్లు మిగతా తలుపులు కొడతారు."

'సమస్య' అన్న మాట లేదు. ఆ వారం జోన్ పేజీలో యాంకర్‌గా, అంటే పేజీ కింద పరిచే ప్రత్యేక కథనంగా వేశాం. ఆమె పేరు వేయలేదు, ఇంటర్న్‌లకు బైలైన్ ఇచ్చే అలవాటు అప్పట్లో మా దగ్గర లేదు. దాని మీద నేను గొడవ పడ్డాను, ఇప్పుడు ఇస్తున్నారు.

కాపీ ఇచ్చే ముందు 'పలువురు', 'పెద్ద ఎత్తున', 'తీవ్ర', 'ఘనంగా', 'స్థానికులు' అన్న మాటలు వెతకండి. ప్రతిదాని చోట ఒక అంకో, ఒక పేరో పెట్టగలరా చూడండి. పెట్టలేకపోతే ఇంకా తిరగాల్సింది ఉందన్నమాట. పేర్లను వాళ్ల చేతే మీ నోట్‌బుక్‌లో రాయించుకోండి. విన్నట్టు రాసుకుంటే ముస్లింల పేర్లు మనవాళ్లు దాదాపు ప్రతిసారీ తప్పే రాస్తారు.

నేను చేసిన తప్పు

చేరిన రెండో వారం, క్రైమ్ రిపోర్టర్ సెలవు. ఒక బైక్ యాక్సిడెంట్. ఇంకో పత్రిక అబ్బాయి ఫోన్‌లో "పోయాడంట" అన్నాడు. నేను 'చికిత్స పొందుతూ మృతి' అని కొట్టేశాను. పేజీ వెళ్లడానికి పావుగంట ముందు మా డెస్క్ ఇన్‌చార్జి, అలవాటు కొద్దీ, ఆస్పత్రిలోని పోలీస్ ఔట్‌పోస్టుకు ఫోన్ చేశారు. మనిషి బతికే ఉన్నాడు. సర్జరీ జరుగుతోంది.

ఆయన నన్ను తిట్టలేదు. రిసీవర్ పెట్టేసి, "పొద్దున్నే వాళ్ల అమ్మ పేపర్ చూసేది తల్లీ" అన్నారు. ఆ రాత్రి నేను అన్నం తినలేదు. చావు వార్తకు రెండు చోట్ల అడగాలి: ఔట్‌పోస్టు ఒకటి, కేసు నమోదైన స్టేషన్ ఒకటి. తోటి రిపోర్టర్ చెప్పింది ఎంత నమ్మకస్తుడు చెప్పినా లెక్కలోకి రాదు.

చట్టం తెలియక జరిగే తప్పులు ఇంకా ప్రమాదం. అత్యాచార బాధితురాలి పేరు రాయకూడదని అందరికీ తెలుసు. కానీ ఊరు, తండ్రి వృత్తి, చదివే స్కూల్ కలిపి రాస్తే పేరు రాసినట్టే. భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ దీన్ని నేరంగా చూస్తుంది. పిల్లల విషయంలో పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) 23వ సెక్షన్, జువైనల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ కూడా ఇదే చెప్తాయి. నేరం చేసిన మైనర్ పేరూ రాయకూడదు. ఐపీసీ స్థానంలో ఈ న్యాయ సంహిత రావడంతో 2024 జులై 1 నుంచి సెక్షన్ల అంకెలు మారాయి. హత్య ఇప్పుడు 302 కాదు, 103. మోసం 420 కాదు, 318. పాత సీనియర్లు నోటి అలవాటుగా పాత నంబర్లే చెప్తారు, మీరు ఎఫ్‌ఐఆర్ చూసి రాయండి. సున్నితమైన కేసులు తప్ప ఎఫ్‌ఐఆర్‌లు పోలీస్ వెబ్‌సైట్‌లో పెడతారు. ఎఫ్‌ఐఆర్ ఉన్నంత మాత్రాన మనిషి దోషి కాడు. 'నిందితుడు' అన్న మాట తీసేసి హెడ్డింగులో 'కిరాతకుడు' అని పెట్టమని ఎవరైనా అంటే, వాళ్లే పెట్టుకుంటారు, మీరు కొట్టకండి.

రెండో వారంలోనే ఒక ఆర్టీఐ

సెమిస్టర్‌కి సరిగ్గా సరిపోయే పని ఇది. ఆర్టీఐ అంటే సమాచార హక్కు దరఖాస్తు, 2005 చట్టం ప్రకారం దానికి ఆఫీసు 30 రోజుల్లో జవాబివ్వాలి. రెండో వారంలో వేస్తే ఏడో వారానికి ఏదో ఒకటి తేలుతుంది. రాకపోతే మరో 30 రోజుల్లోపు మొదటి అప్పీలు వేయాలి. దాన్ని 30 రోజుల్లో, ఆలస్యమైతే 45 రోజుల్లో తేల్చాలి. మీరు ఊరికి వెళ్లేలోపు చేతికి కాగితం వచ్చే అవకాశం గట్టిగా ఉంది.

ఫీజు పది రూపాయలు. మండల స్థాయి ఆఫీసుకైతే ఐదు, గ్రామ స్థాయిలో అసలు లేదు. మీ సొంత పేరు మీద, పౌరుడిగా వేయండి. పత్రిక పేరు రాయొద్దు. సమాచారం ఎందుకు కావాలో చెప్పాల్సిన అవసరం చట్టంలోనే లేదు. తప్పు ఆఫీసుకు వేసినా ఐదు రోజుల్లో సరైన ఆఫీసుకు వాళ్లే పంపాలి.

పిల్లలు ఎక్కడ దెబ్బతింటారంటే, ప్రశ్న రాయడంలో. "మా ప్రాంతంలో నాలాలు ఎందుకు శుభ్రం చేయడం లేదు?" అని అడిగితే "శుభ్రం చేస్తున్నాం" అని జవాబు వస్తుంది, అంతటితో అయిపోతుంది. కాగితం అడగండి. ఇలా: "ఫలానా వార్డులో గత రెండు ఆర్థిక సంవత్సరాల్లో నాలాల పూడికతీతకు ఇచ్చిన వర్క్ ఆర్డర్ల నకళ్లు, చెల్లించిన బిల్లుల నకళ్లు, పని పూర్తయినట్టు రాసిన ఎంబీ పుస్తకం పేజీల నకళ్లు ఇవ్వగలరు." ఎంబీ అంటే మెజర్‌మెంట్ బుక్. ఇంజినీరు కొలతలు రాసేది అందులోనే. బిల్లులో ఉన్న నాలా దగ్గరికి ఆ కాగితం పట్టుకుని వెళ్లి, పక్కింటివాళ్లను అడిగితే చాలు, ఐటెమ్ దానంతట అదే నడుస్తుంది.

డబ్బులు, వేధింపులు

ఐడీ కార్డుకు, మైక్‌కు, 'ప్రెస్' స్టిక్కర్‌కు డబ్బులు అడిగే చోటు ఇంటర్న్‌షిప్ కాదు. లేచి వచ్చేయండి. ప్రెస్‌మీట్‌లో డబ్బుల కవర్ ఇస్తే తీసుకోవద్దు. ఎలా కాదనాలో తెలియకపోతే "నేను ఇంటర్న్‌ని సార్, మా ఆఫీసులో ఒప్పుకోరు" అంటే సరిపోతుంది. నేనూ అదే చెప్పేదాన్ని.

పని చోట లైంగిక వేధింపుల నిరోధక చట్టం 2013 ఇంటర్న్‌లకు కూడా వర్తిస్తుంది, ట్రైనీలను అందులో పేరుపెట్టి చెప్పారు. పదిమంది, అంతకంటే ఎక్కువ ఉన్న ఆఫీసులో ఇంటర్నల్ కమిటీ ఉండాలి. ఆ కమిటీలో ఎవరున్నారో మొదటి వారమే కనుక్కోండి. ఫిర్యాదుకు గడువు మూడు నెలలు. సెమిస్టర్ అయ్యాక చూద్దాం అనుకుంటే గడువు దాటిపోతుంది.

చివరి రెండు వారాలు

నేను మొదట చేరిన చోట నాలుగు నెలలు పనిచేశాక సర్టిఫికెట్ అడిగితే, నన్ను చేర్చుకున్న హెచ్‌ఆర్ ఆయన వేరే కంపెనీకి వెళ్లిపోయారన్నారు. నేను అక్కడ పనిచేసినట్టు ఒక్క కాగితం లేదు. కాలేజీకి మూడుసార్లు తిరిగాక, డెస్క్ ఇన్‌చార్జి తన లెటర్‌హెడ్ మీద రాసిచ్చారు. మీకు ఆ బాధ వద్దు. చేరిన రోజే జాయినింగ్ మెయిల్ తీసుకోండి. ప్రతి శనివారం ఏం చేశారో ఐదు లైన్లు రాసి ఇన్‌చార్జి సంతకం చేయించుకోండి. సర్టిఫికెట్ పదిహేను రోజుల ముందే అడగండి. చివరి రోజు కేకు కోస్తారు కానీ సంతకం చేసే మనిషి సెలవులో ఉంటారు.

మీ ఐటెమ్‌లు పడ్డ రోజే ఈ-పేపర్ నుంచి పేజీ మొత్తం దించుకోండి. మీ ముక్క ఒక్కటే కత్తిరిస్తే తేదీ, ఎడిషన్ కనిపించవు. ఒరిజినల్ కాపీ పక్కన అచ్చయిన కాపీ పెట్టి, ఏం మారిందో పెన్సిల్‌తో గుర్తుపెట్టుకోండి. కాలేజీ రిపోర్టుకు ఇంతకంటే మంచి అనుబంధం ఉండదు.

ఊరెళ్లే ముందు, మీరు నాలుగు నెలలు తిరిగిన చోటుకి అచ్చయిన పేజీలు పట్టుకుని ఒకసారి వెళ్లండి. ఆ నల్లా ఐటెమ్ రాసిన అమ్మాయి అలాగే వెళ్లింది. ఒకావిడ పేపర్‌ని కళ్లకు దగ్గరగా పెట్టుకుని చదువుకుని, "34 కాదు బిడ్డా, 35. వెనక మెట్ల కింద మా మరిది వాళ్లుంటరు, నువ్వు చూడలే" అందట. ఆ అమ్మాయి బస్సులోంచే నాకు ఫోన్ చేసింది, సవరణ వేస్తారా అని.